కీటక సేకర్తల ఉత్తరప్రత్యుత్తరాలు (కోరమాండల్ తీరం)

పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగంలో తరంగంబాడి, మద్రాసు, సామర్లకోట, విశాఖపట్నాల నుంచి కోపెన్‌హాగన్, కీల్, లండన్ నగరాలకు పురుగుల పెట్టెలతో పాటు వెళ్లిన ఉత్తరాలూ, వాటికి వచ్చిన జవాబులూ దక్షిణ భారత కీటకశాస్త్రానికి తొలి దస్తావేజులు. రాసినవాళ్లు దాదాపు అందరూ వైద్యులే. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ (1728–1785), ప్యాట్రిక్ రస్సెల్ (1726–1805), జేమ్స్ ఆండర్సన్ (1738–1809), విలియం రాక్స్‌బర్గ్ (1751–1815) వీరిలో ముఖ్యులు. రాక్స్‌బర్గ్‌ను మినహాయిస్తే మిగతావాళ్లు ఈ పనిలో తలమునకలైంది నడివయసు వచ్చాకే. ఉత్తరాలు అందుకున్నవాళ్లలో లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌నూ, కీల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిసియస్‌నూ ముందు చెప్పుకోవాలి.

ఈ వ్యవహారంలో పని పంపకం మొదటి నుంచీ ఒకటే. పురుగు దొరికేది ఇక్కడ, దానికి పేరు పడేది అక్కడ. ఉత్తరం రాసినవాడికి అదృష్టం ఉంటే తన పేరే ఆ పురుగు పేరులో చేరేది. పొదల్లోంచి, పుట్టల్లోంచి దాన్ని పట్టి తెచ్చిన స్థానికుడి పేరు మాత్రం ఆ కాగితాల్లో దాదాపు ఎక్కడా కనపడదు. ఐరోపా పండితులు తమ ఊరు కదలకుండానే వేల జాతులను గ్రంథాలకెక్కించడం ఈ ఏర్పాటు వల్లే సాధ్యమైంది. ఫాబ్రిసియస్ ఒక్కడే పదివేలకు దగ్గరగా కీటకాలకు పేర్లు పెట్టాడు. భారతదేశం ఆయన ఎన్నడూ చూడలేదు.

కోనిగ్

కోనిగ్ పుట్టింది నేటి లాత్వియాలో. 1757లో స్వీడన్ వెళ్లి వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దగ్గర చదువుకున్నాడు. తర్వాత డెన్మార్క్‌లో స్థిరపడి, మొక్కల కోసం ఐస్‌లాండ్ దాకా వెళ్లాడు. అక్కడ దొరికిన వేలెడంత కూడా లేని ఒక మొక్కకు లినేయస్ 1767లో కోనిగియా ఐస్లాండికా అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదికల్లా కోనిగ్ తమిళ తీరంలోని డేనిష్ స్థావరం తరంగంబాడిలో మిషన్ వైద్యుడిగా ఉన్నాడు. గురువుకు ఉత్తరాలు రాయడం మానలేదు. ఆయన పంపిన మొక్కల్లో ఒకదాన్ని లినేయస్ 1771లో బెర్గెరా కోనిగై అన్నాడు. అదే మన కరివేపాకు. పోపులో రోజూ వేసుకునే ఆకు శాస్త్రనామంలో ఎవరి పేరుందో వంటింట్లో ఎవరికీ పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదనుకోండి.

మిషన్ జీతంతో ఊళ్లు తిరగడం కుదరక కోనిగ్ 1774 ప్రాంతంలో ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ కొలువులో ప్రకృతి శాస్త్రవేత్తగా చేరాడు. నవాబు అప్పుల సంగతి ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. అది కూడా చాలక 1778 జులైలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలోకి వెళ్లాడు. కంపెనీ ఈ తీరంలో ప్రత్యేకంగా ప్రకృతి శాస్త్రానికని ఒక మనిషిని పెట్టుకోవడం అప్పుడే మొదలు. వెంటనే సయాం, మలక్కా ప్రయాణం కట్టి 1780 దాకా అటే తిరిగాడు.

కీటకాల మీద కోనిగ్ రాసినవాటిలో పెద్దది చెదపురుగుల వ్యాసం. 1779లో బెర్లిన్ ప్రకృతి మిత్ర సంఘం పత్రికలో జర్మన్ భాషలో అచ్చయింది. తంజావూరు ప్రాంతపు పుట్టలను తవ్వించి లోపలి అరలు, కూలి చెదలు, సైనిక చెదలు, రాణి, రెక్కల పురుగులు ఏవి ఎలా ఉంటాయో వర్ణించాడు. అందులో అన్నిటికన్నా చదవదగింది ఉసిళ్లు పట్టే పద్ధతి. పుట్టకు గాలి వచ్చే వైపు ఒక కన్నం, గాలి పోయే వైపు మరో కన్నం చేస్తారు. రెండో కన్నానికి కుండ మూతి ఆనిస్తారు. ఆ కుండ లోపలి భాగాన్ని ముందే ఒక సువాసన ఆకుతో రుద్ది ఉంచుతారు. ఆ ఆకు మరేదో కాదు, కరివేపాకే. మొదటి కన్నం దగ్గర కంపు కొట్టే వస్తువులతో పొగ పెడితే ఉసిళ్లు గుంపులుగా కుండలోకి వచ్చి పడతాయి. వాటిని పిండితో కలిపి వండి పేదలకు చవగ్గా అమ్ముతారనీ, మితిమీరి తింటే కడుపునొప్పి, రక్తవిరేచనాలు పట్టుకుంటాయనీ కూడా రాశాడు. తొలకరి రాత్రి దీపం పెట్టి ఉసిళ్లు పట్టి, రెక్కలు చెరిగి, వేయించుకు తినడం తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తున్న సంగతే. దాన్ని రెండు వందల నలభై ఏళ్ల కిందట ఒక వైద్యుడు ఇంత ఓపిగ్గా రాసిపెట్టడమే విశేషం. పుట్టలో ఏముందో చూసి ఊరుకోలేదు, పుట్ట చుట్టూ ఉన్న మనుషుల్నీ చూశాడు. ఆయన్ను తక్కిన సేకర్తల నుంచి వేరు చేసేది ఈ చూపే.

ఈ వ్యాసం ఉత్తరాల దారిలో చాలా దూరం వెళ్లింది. రెండేళ్ల తర్వాత 1781లో హెన్రీ స్మీత్‌మన్ ఆఫ్రికా చెదల మీద రాసిన ప్రసిద్ధ రచనలో కోనిగ్ మాటలను ఉదహరించాడు. స్మీత్‌మన్ రచన రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన రూపం కూడా జోసెఫ్ బ్యాంక్స్‌కు రాసిన ఉత్తరమే. ఆ కాలంలో ఉత్తరానికీ పరిశోధనా పత్రానికీ మధ్య గోడ లేదు. సంబోధన తీసేస్తే వ్యాసం, పెడితే ఉత్తరం.

కోనిగ్ పంపిన పురుగుల్లో చాలావాటికి పేర్లు పెట్టింది ఫాబ్రిసియస్. ఆయన కూడా లినేయస్ శిష్యుడే, పైగా డేనిష్ రాజ్యపు మనిషి. లండన్ వెళ్లినప్పుడల్లా బ్యాంక్స్ ఇంట్లో ఉన్న సేకరణను కూర్చుని చూసేవాడు. 1775లో వెలువడిన ఆయన గ్రంథం సిస్టెమా ఎంటమాలజియేలో పత్తి పంటను పట్టే ఎర్రని నల్లిజాతి పురుగొకటి కోనిగ్ పేరుతో ఎక్కింది. నేటి శాస్త్రనామం డిస్‌డెర్కస్ కోనిగై. రైతులకు అది రెడ్ కాటన్ బగ్. పగిలిన కాయల్లోకి చేరి గింజ రసం పీల్చి, దూదికి మరక పట్టిస్తుంది. బెండ, మందార కుటుంబపు మొక్కలేవైనా దానికి ఇష్టమే. కాబట్టి పత్తి చేలకే పరిమితం కాదు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల మధ్య ఇంకా కట్టడం మొదలుపెట్టని స్థలాల్లో తుత్తురుబెండ మొలిస్తే, దాని కాయల చుట్టూ ఎర్రగా మూగేది ఈ జాతే. ఐటీ ఉద్యోగి ఒకరు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పేరు వెతికితే తెర మీదికి వచ్చేది కోనిగ్ పేరే. ఆ వెతుకులాటకు ఇప్పుడు క్షణాలు చాలు. కోనిగ్‌కు ఒక జవాబు రావడానికి ఏడాది పైనే పట్టేది.

చివరి ప్రయాణంలో కోనిగ్ ఉత్తరంగా తెలుగు తీరానికి వచ్చాడు. విశాఖపట్నంలో కంపెనీ పాలనాధికారి క్లాడ్ రస్సెల్, ఆయన అన్న ప్యాట్రిక్ ఉండేవారు. కలకత్తా దాకా వెళ్లాలన్నది కోనిగ్ ఆలోచన. రక్తవిరేచనాలు పట్టుకుని కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో ఆగిపోయాడు. అప్పట్లో అది డచ్చివారి స్థావరం. సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉన్న రాక్స్‌బర్గ్ వచ్చి చికిత్స చేశాడు. ఫలించలేదు. 1785 జూన్ 26న, 56వ ఏట కోనిగ్ చనిపోయాడు. తన కాగితాలన్నీ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందాలని ముందే చెప్పిపెట్టాడు. చివరి ఏళ్లలో ఉత్తరాలు ఏ చిరునామాకు పంపాడో, మిగిలినవి కూడా ఆ చిరునామాకే వెళ్లాయి.

పెట్టె, ఓడ, జవాబు

మద్రాసు రేవు నుంచి లండన్‌కు ఓడ ప్రయాణం ఆరు నెలల పని. రుతుపవనాలు కలిసి రాకపోతే ఇంకా ఎక్కువ. ఓడ మునిగినా ఉత్తరం దక్కాలని ఒకే కాగితానికి రెండో నకలు రాసి మరో ఓడలో పంపడం మామూలే. పురుగుకు మాత్రం నకలు ఉండదు. సూదికి గుచ్చి, బెండు పరిచిన పెట్టెలో అమర్చి, కర్పూరం వేసి మూసినా చీమలు, బూజు, ఓడ అడుగున చెమ్మ దాన్ని తినేసేవి. చేరినదాంట్లో కాలు లేనిదొకటి, మీసం లేనిదొకటి. అందుకే పురుగు బతికుండగా దాని రంగేమిటి, ఏ చెట్టు మీద దొరికింది, ఏ నెలలో కనిపించింది అన్నది ఉత్తరంలో రాయకపోతే అందుకున్నవాడి చేతికి వచ్చేది పొడి మాత్రమే. పాత గ్రంథాల్లో ఎన్నో జాతులకు నివాసం అన్న చోట ఒక్క ఊరి పేరే ఉంటుంది. పెట్టె చేరి, ఉత్తరం చేరకపోతే జరిగేది అదే.

సామర్లకోట

కోనిగ్ తర్వాత కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవి 1785లోనే ప్యాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసి, పేరు తెచ్చుకుని, యాభయ్యో పడి దాటాక తమ్ముడి వెంట విశాఖ చేరిన మనిషి ఆయన. ఆసక్తి పాముల మీద, చేపల మీద. వాటి తెలుగు పేర్లను అడిగి రాసుకున్నాడు కూడా. రక్తపింజరిని ఇంగ్లీషులో నేటికీ రస్సెల్స్ వైపర్ అంటారు. పురుగుల చరిత్రలో ఆయన పాత్ర చిన్నదే అయినా, ఒక ఉత్తరాన్ని సరైన చేతికి అందించిన పుణ్యం మాత్రం ఆయనదే.

ఆ ఉత్తరం రాసింది రాక్స్‌బర్గ్, విషయం లక్కపురుగు. కొండల నుంచి వెలతురు చెట్టు కొమ్మలకు అంటుకున్న తాజా లక్కను నవంబరు 20న ఆయనకు తెచ్చి ఇచ్చారు. వాటిని వెడల్పు మూతి గాజు సీసాల్లో పెట్టి, పైన పలచగా కప్పి కనిపెట్టుకుని ఉన్నాడు. పద్నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 4న, కంటికి ఆనీ ఆనని ఎర్రని పిల్లపురుగులు వేల సంఖ్యలో సీసా అంతా పాకుతూ కనిపించాయి. లక్క చెట్టు కార్చే జిగురు కాదనీ, ఒక కీటకం తన చుట్టూ కట్టుకునే గూడనీ అప్పటికే 1781లో జేమ్స్ కెర్ పాట్నా నుంచి రాసి ఉన్నాడు. రాక్స్‌బర్గ్ చేసింది ఆ పురుగు పుట్టుకను రోజుల లెక్కన చూసి బొమ్మలతో చెప్పడం. 1789లో ఇంగ్లండ్ వెళ్లిపోయిన రస్సెల్ చేతుల మీదుగా ఈ రచన రాయల్ సొసైటీ పత్రికలో 1791లో వెలువడింది. రచయిత పేరు పక్కన సామర్లకోట అని ఊరి పేరు కూడా అచ్చయింది. హైదరాబాదు లాడ్ బజార్‌లో గాజులకు కరిగించే లక్క ఎక్కడి నుంచి పుడుతుందో తెలుసుకోవాలనుకునేవారు ఈ రచనతో మొదలుపెట్టవచ్చు. పాతబడినా తప్పుదారి పట్టించదు. పురుగు పేరులో మాత్రం చివరికి కెర్ నిలిచాడు. దాని ప్రజాతి ఇప్పుడు కెర్రియా.

ఆండర్సన్ ఉత్తరాలు

మద్రాసు ప్రధాన వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ వీళ్లందరిలో ఎక్కువ ఉత్తరాలు రాసినవాడు. అంతకన్నా వింత, రాసినవాటిని, వచ్చినవాటిని వెంటవెంటనే మద్రాసులోనే అచ్చువేయించి పంచడం. అందువల్ల ఆయన ఉత్సాహమూ, పొరపాట్లూ రెండూ తేదీలతో సహా మిగిలాయి.

కథ కొచినీల్‌తో మొదలవుతుంది. నాగజెముడు మీద బతికే ఈ చిన్న పురుగును ఎండబెడితే సైనికుల కోట్లకూ, రాజుల దుస్తులకూ పట్టే ఎర్రరంగు వస్తుంది. ఒక పౌను సరుకుకు డెబ్బై వేల పురుగులు కావాలని లెక్క చెబుతారు. మెక్సికో స్పెయిన్ చేతిలో ఉండటంతో ఆ వ్యాపారమంతా స్పెయిన్ గుప్పిట్లోనే ఉండేది. 1786 చివర్లో మద్రాసు దగ్గర ఒక రకం గడ్డి మీద ఎర్రరంగునిచ్చే పురుగు దొరికిందని ఆండర్సన్ బ్యాంక్స్‌కు రాశాడు. ఆ తర్వాత వరసగా ఉత్తరాలే. అవి 1788లో పుస్తకంగా వచ్చాయి. లండన్‌లో పరీక్షిస్తే ఆ పురుగు రంగు వ్యాపారానికి పనికిరాదని తేలింది. బ్యాంక్స్ ఆ మాట మర్యాదగానే చెప్పాడు. ఆండర్సన్ వెనక్కి తగ్గలేదు. అసలు పురుగే తెప్పిద్దామని, అది వచ్చేలోపు మేత సిద్ధంగా ఉండాలని కంపెనీని ఒప్పించి సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు. దాన్ని మేనల్లుడు ఆండ్రూ బెర్రీ చూసుకునేవాడు. తోట పెరిగింది, పురుగు రాలేదు.

చివరికి 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్‌లోని రియో డి జనీరో రేవు నుంచి కొన్ని పురుగులను నాగజెముడు కొమ్మలతో సహా కలకత్తా చేర్చాడు. అప్పటికి రాక్స్‌బర్గ్ కలకత్తా వనస్పతి ఉద్యానవనానికి అధికారి. పురుగులు నిలదొక్కుకున్నాయి. అక్కడి నుంచి మద్రాసుకూ పంపారు. తీరా చూస్తే అవి మెక్సికో తోటల్లో పెంచే మేలురకం కావు, తక్కువ రంగునిచ్చే అడవి రకం, డాక్టిలోపియస్ సెలోనికస్. కొన్నేళ్లకు ఆ వ్యాపారం మానేశారు. పురుగు మాత్రం మానలేదు. కంచెలుగా వేసిన ఒక జాతి నాగజెముడును ఉత్తర, మధ్య భారతంలో అది దాదాపు తుడిచిపెట్టింది. ఆ సంగతి గమనించి 1836–38 ప్రాంతంలో కావాలనే దక్షిణానికి తెచ్చి ముళ్ల పొదల మీద వదిలారు. కలుపు మొక్కను కీటకంతో అణచడానికి ప్రపంచంలో జరిగిన తొలి ప్రయత్నంగా దీన్ని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఇంత జరుగుతుందని ఆండర్సన్ ఊహించలేదు. ఆయన కోరింది రంగు, దేశానికి దక్కింది జీవనియంత్రణ.

ఆయన మరో ఉత్తరం అంత వృథా పోలేదు. మద్రాసు చుట్టుపక్కల కొమ్మల మీద మైనంలాంటి తెల్లని పదార్థాన్ని కట్టుకునే పురుగును గుర్తించి, తెల్ల లక్క అని పేరుపెట్టి నమూనాలు లండన్ పంపాడు. కొవ్వొత్తులకు పనికొస్తుందని ఆశ. రసాయనవేత్త జార్జ్ పియర్సన్ దాన్ని పరీక్షించి 1794లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ మైనపు పురుగు సెరోప్లాస్టెస్ సెరిఫెరస్ పేరుతో నేటికీ కీటక గ్రంథాల్లో ఉంది. కొవ్వొత్తులు మాత్రం రాలేదు. పట్టువదలని ఆ ముసలి వైద్యుడు 1809లో, డెబ్బై దాటాక మద్రాసులోనే కన్నుమూశాడు. అక్కడి సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆయన శిల్పం ఉంది.

తర్వాతి కాలం

పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాల వేగం పెరిగింది. ఆవిరి ఓడలు, 1869లో సూయజ్ కాలువ ప్రయాణాన్ని వారాలకు కుదించాయి. ఉత్తర సర్కారుల్లో ఉన్నతాధికారిగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ (1803–1887) కీటకాల మనిషి కాకపోయినా ఈ పరంపరకు చెందినవాడే. 1859లో తెలుగు మొక్కల పేర్లతో ఫ్లోరా ఆంధ్రికా ప్రచురించాడు. డార్విన్ 1856లో అడిగితే పావురాల చర్మాలు పంపాడు. అందుకు డార్విన్ తన జాతుల పుట్టుక గ్రంథంలో పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాడు. స్కాట్లండ్‌లో విశ్రాంతి తీసుకుంటూ చూపు పోగొట్టుకున్నాక కూడా చెప్పి రాయించేవాడు. చనిపోయిన రోజు ఉదయం కూడా తమిళ పండితుడు జి.యు. పోప్‌కు ఒక ఉత్తరం రాయించి సంతకం చేశాడు.

డార్విన్ కుర్రతనంలో పేడపురుగులు, పెంకుపురుగులు పట్టుకుంటూ బంధువు విలియం ఫాక్స్‌కు వాటి గురించే ఉత్తరాలు నింపినవాడు. డెబ్బై దాటాక మళ్లీ పురుగుల దగ్గరికే వచ్చాడు. 1880లో ఫ్రెంచి కీటక పరిశీలకుడు ఫాబ్రేకు రాస్తూ, తేనెటీగలను గూటికి దూరంగా తీసుకెళ్లే ముందు ఒక గుండ్రని పెట్టెలో అటూ ఇటూ గిరగిరా తిప్పి వదిలితే దారి తప్పుతాయేమో చూడమన్నాడు. ఫాబ్రే తిప్పి చూశాడు. తేనెటీగలు ఇల్లు చేరాయి. పరిణామ సిద్ధాంతాన్ని ఫాబ్రే ఒప్పుకోలేదు, అయినా ప్రయోగం చేశాడు. శాస్త్రజ్ఞుల మధ్య ఇలాంటి మర్యాద ఉత్తరాల్లో నిలిచినంతగా సభల్లో నిలవదు.

హైదరాబాదుకు సంబంధించి చెప్పాల్సిన లేఖలు రొనాల్డ్ రాస్‌వి. సికింద్రాబాద్ కంటోన్మెంటులో సైనిక వైద్యుడిగా ఉండగా, 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి ఎదుగుదలను ఆయన గుర్తించిన భవనం బేగంపేటలో ఉంది. ఈ పని అంతటా ఆయనకు దారి చూపినది లండన్‌లోని ప్యాట్రిక్ మాన్సన్‌తో సాగిన ఉత్తరాలు. పురుగుల జాతులు గుర్తించడంలో రాస్‌కు శిక్షణ లేదు, చేతిలో తగిన పుస్తకమూ లేదు. తన దోమను రెక్కల మీద మచ్చలున్న రకం అని మాత్రమే వర్ణించగలిగాడు. రోగి హుసేన్ ఖాన్‌కు, అతన్ని కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున ఇచ్చాడు. కోనిగ్ కాలంలో కాగితానికెక్కని స్థానికుడి పేరు ఇక్కడ ఎక్కింది. రాస్, మాన్సన్‌ల ఉత్తరాలు 1998లో ఒక పెద్ద సంపుటంగా వెలువడ్డాయి.

సేకరణలు ఎక్కడున్నాయి

బ్యాంక్స్ కీటకాలు ఆయన తర్వాత లినేయస్ పేరిట ఏర్పడ్డ లండన్ సంఘానికి, అక్కడి నుంచి 1863లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. నేడు అవి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఫాబ్రిసియస్ సేకరణను కోపెన్‌హాగన్‌లో చూడవచ్చు. కోనిగ్ సయాం, మలక్కా దినచర్య ఆయన పోయిన నూటతొమ్మిదేళ్లకు, 1894లో, రాయల్ ఏషియాటిక్ సొసైటీ స్ట్రెయిట్స్ శాఖ పత్రికలో ఇంగ్లీషులో వెలువడింది. చెదపురుగుల వ్యాసాన్ని భారత ప్రభుత్వ కీటకశాస్త్రవేత్త టి. బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ బీహారులోని పూసాలో 1921లో జరిగిన కీటకశాస్త్ర సమావేశపు నివేదికలో ఇంగ్లీషు చేసి చేర్చాడు.